మనుష్యుని మెదడు వ్రాతను చదివిన హాన్స్ బెర్గరు

గుండె కొట్టుకొనుట చేయి పెట్టి చూచినచో తెలియును. ఊపిరి ఆడుట కంటికి కనబడును. మెదడు పనిచేయుట మాత్రము కంటికిని అగపడదు, చెవికిని వినబడదు. కపాలమను గట్టి పెంకు క్రింద అది రేయింబవళ్లు నిశ్శబ్దముగా తన పని తాను చేసికొనుచుండును. ఆ నిశ్శబ్దమునుండి మనుష్యుని మెదడు వ్రాతను మొట్టమొదట కాగితముపైకి దింపినవాడు జర్మనీ దేశీయుడగు హాన్స్ బెర్గరు అను వైద్యుడు. చేతులాడని రోగులు తలపుచేతనే యంత్రహస్తమును కదల్చుచున్నారను వార్తను మా విద్యార్థులలో పలువురు వినియుందురు. అది మాయయు కాదు, మంత్రమును కాదు. ఆ మార్గమున మొదటి మెట్టు కట్టినవాడు ఈ బెర్గరు. కావున ఆయన చరిత్రమును మా పాఠకులకు చెప్పదలచితిమి. అందు మెచ్చదగినది చాల గలదు, మెచ్చరానిదియు గలదు. రెంటిని దాచక చెప్పుట చరిత్రము వ్రాయువారి ధర్మము.

హాన్స్ బెర్గరు 1873వ సంవత్సరము మే నెల 21వ తేదీన జర్మనీలోని కోబుర్గు పట్టణమునకు సమీపమున నున్న నోయ్‌సెస్ అను గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. తల్లి ఫ్రీడ్రిఖ్ రూకెర్టు అను సుప్రసిద్ధ కవికి కుమార్తె. ఈ రూకెర్టు పేరు మన దేశీయులు తెలిసికొనదగినది. ఆయన సంస్కృతము మొదలగు తూర్పుదేశపు భాషలు పెక్కు నేర్చి, మన మహాభారతములోని నలదమయంతుల కథను 1828లో జర్మను భాషలో పద్యములుగా వెలువరించెను. ఈ విధముగా బెర్గరునకు తండ్రివైపునుండి వైద్యమును, తల్లివైపునుండి కవిత్వమును సంక్రమించెనని చెప్పవచ్చును. బాల్యమున ఆయనకు ఆకాశముపై మక్కువ. నక్షత్రములను గూర్చి చదువవలెనను కోరికతో యేనా నగరపు విశ్వవిద్యాలయమున గణితవిద్యార్థిగా చేరెను. కాని ఆ చదువులో ఆయన మనస్సు నిలువలేదు. కొలది మాసములకే దానిని విడిచి, ఒక సంవత్సరకాలము సైన్యములో పనిచేయుటకై గుఱ్ఱపు దళమున ప్రవేశించెను.

ఆ సైన్యములో జరిగిన యొక సంఘటనము ఆయన జీవితమును మార్చివేసెను. ఒకనాడు కవాతు జరుగుచుండగా ఆయన ఎక్కిన గుఱ్ఱము బెదరి వెనుక కాళ్లపై లేచెను. బెర్గరు నేలపై పడెను. గుఱ్ఱములు లాగుచున్న ఫిరంగి బండి ఒకటి సరిగా ఆయనమీదికే వచ్చుచుండెను. బండివాడు తుది క్షణమున గుఱ్ఱములను నిలిపివేయుటచే ప్రాణము దక్కినది. దెబ్బ తగులలేదు. అయితే ఆ సాయంకాలము తండ్రియొద్దనుండి తంతి వార్త వచ్చెను. కుశలమేనా యని అందులో అడిగియుండెను. ఇంటియొద్ద నున్న సోదరి, తమ్మునికేదో కీడు మూడినదని పగలంతయు కలవరపడి, తండ్రిచేత ఆ తంతిని కొట్టించెనట. తాను మృత్యుముఖమున నుండి తలచిన తలపే అంత దూరమునకు పోయి సోదరి మనస్సును తాకినదని బెర్గరు విశ్వసించెను. మనస్సునకు ఒక శక్తి గలదనియు, అది మెదడునుండి బయలుదేరుననియు, దానిని కొలుచుట సాధ్యమే యనియు ఆయనకు దృఢమైన నమ్మకము కలిగెను. నక్షత్రములను విడిచి వైద్యవిద్యకు మరలెను.

ఇచట మేము విద్యార్థులకు ఒక మాట చెప్పవలసియున్నది. తలపులు ఏ సాధనమును లేకయే ఒక మనస్సునుండి మరియొక మనస్సునకు పోవునని శాస్త్రము అంగీకరింపలేదు. తోబుట్టువుల విషయమై కలవరపడువారు లోకమున వేలకు వేలు. వారిలో ఒకరి కలవరము ఒక నిజమైన ప్రమాదముతో కలిసివచ్చినచో అది కాకతాళీయము. బెర్గరు పెట్టుకొన్న నమ్మకము నిలువలేదు. ఐనను ఆ నమ్మకమునుండి పుట్టిన ప్రశ్న సరియైనది. మెదడు పనిచేయునపుడు బయటినుండి కొలువదగిన గుర్తు ఏదైన కలదా యనునదే ఆ ప్రశ్న. దానికొరకు ఆయన ముప్పది సంవత్సరములకు పైగా వెదకెను.

1897లో పట్టము పొంది, ఆయన యేనాలోని మనోవ్యాధుల చికిత్సాలయమున ఓట్టో బిన్స్‌వాంగరు అను ఆచార్యునికి సహాయుడుగా చేరెను. ఆ చికిత్సాలయమే ఆయన కార్యక్షేత్రము. ఆయన మొదట మెదడులోని రక్తప్రవాహమును కొలిచెను. శస్త్రచికిత్సవలన కపాలములో కొంత యెముక లేని రోగులయందు, మనోభావములు మారునపుడు మెదడు ఉబ్బుటయు తగ్గుటయు ఎట్లుండునో చూచెను. తరువాత మెదడు వేడిమిని కొలుచుటకు పూనుకొని 1910లో దానిపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఈ రెండు మార్గములును ఆయన కోరిన గమ్యమునకు చేర్పలేదు. రక్తమును వేడిమియు మెదడు పనికి దూరపు గుర్తులే గాని, ఆ పనియే కావు. ఇట్లు నిష్ఫలములైన సంవత్సరములు చాల గడచెను. 1911లో ఆయన తన పనిలో తోడ్పడుచుండిన ఉర్సులా ఫాన్ బ్యూలో అను స్త్రీని వివాహమాడెను. వారికి నలుగురు సంతానము. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు సైన్యమున మనోవైద్యుడుగా పనిచేసి, 1919లో తన గురువు స్థానమున చికిత్సాలయమునకు అధికారి యయ్యెను.

చూచినవారికి ఆయన మితభాషి, నియమపాలకుడు. ఉపన్యాసములకు గడియారము తప్పక వచ్చును, రోగులను చూచును, కాగితములపై చేవ్రాలు చేయును. సహోద్యోగులలో ఆయన పరిశోధనమును పూర్తిగా ఎరిగినవారు అరుదు. చికిత్సాలయపు పని ముగిసిన పిమ్మట, సాయంకాలమున ఒక చిన్న గదిలో తలుపు మూసికొని ఆయన తన ప్రయోగములు చేసికొనుచుండెను. దినచర్య పుస్తకమున తన ఆశలను, నిరాశలను వ్రాసికొనుచుండెను.

మెదడులో విద్యుత్తు గలదను సంగతి అంతకు పూర్వమే కొందరికి తెలియును. ఇటలీ దేశమున గాల్వానీ యను పండితుడు పదునెనిమిదవ శతాబ్దమున కప్ప కాళ్లపై ప్రయోగములు చేసి, నరములకును కండరములకును విద్యుత్తుతో సంబంధము గలదని చూపెను. 1875లో ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున రిచర్డు కేటను అను వైద్యుడు కుందేళ్ల యొక్కయు కోతుల యొక్కయు మెదళ్లపై తీగెలుంచి సన్నని విద్యుత్ప్రవాహములను కనుగొనెను. 1890లో పోలండు దేశీయుడగు అడాల్ఫ్ బెక్ మరికొన్ని జంతువులయందు అదియే చూచెను. కాని వారందరును మెదడును తెరచి చూచినవారు. జీవించియున్న మనుష్యుని మెదడునుండి విద్యుత్తును గ్రహించి వ్రాయించినవారు అంతవరకు లేరు.

కష్టమెక్కడ నున్నదో మా విద్యార్థులు గ్రహింపవలెను. చేతిదీపములో వేయు ఒక బ్యాటరీకి ఒకటిన్నర వోల్టు బలముండును. తలపై దొరకు మెదడు విద్యుత్తు సుమారు అందులో ముప్పదివేల వంతులలో ఒక వంతు మాత్రమే. మెదడునకును చర్మమునకును నడుమ నీటివంటి ద్రవము, పొరలు, ఎముక అడ్డముగా నుండుటచే అది ఇంకను సన్నగిల్లును. గుండె విద్యుత్తును కొలుచుటకు ఐంథోవెను అను డచ్చి పండితుడు నిర్మించిన తీగె గాల్వనోమీటరు ఆ దినములలో మిక్కిలి సూక్ష్మమైన యంత్రము. అయస్కాంతము నడుమ వ్రేలాడు సన్నని తీగె, ప్రవాహము వచ్చినపుడు ఇంచుక కదలును. దాని నీడ కదలుచున్న ఛాయాచిత్రపు కాగితముపై పడి గీతగా మారును. మెదడును వినుటకు బెర్గరునకు ముందుగా దొరకిన చెవి ఇదియే.

1924వ సంవత్సరము జూలై 6వ తేదీన ఆయన ప్రయత్నము ఫలించెను. గులేకే యను శస్త్రవైద్యుడు పదునేడేండ్ల బాలునికి మెదడు శస్త్రచికిత్స చేసిన సందర్భమున బెర్గరు ఆ బాలుని తలపై రెండు గ్రాహకములనుంచి యంత్రమునకు కలిపెను. తీగె సన్నగా వణకెను. ఆ వణకును మనుష్యుని మెదడునుండి లభించిన మొదటి విద్యుల్లేఖ.

మరియొకడైనచో మరునాడే పత్రికలకెక్కించియుండును. బెర్గరు అయిదు సంవత్సరములు నోరు మెదపలేదు. ఆయనకు తన కంటిమీదనే అనుమానము. ఆ గీత నిజముగా మెదడునుండి వచ్చినదా? గుండె కొట్టుకొనుటవలన వచ్చినదా? రక్తనాళముల అదురువలననా, కనురెప్పల కదలికవలననా, చర్మమునుండియా, లేక యంత్రముననే యేదైన లోపము గలదా? ఒక్కొక్క అనుమానమునకు ఒక్కొక్క పరీక్ష చేసెను. గుండె గీతను ప్రక్కనే వ్రాయించి రెంటిని పోల్చెను. గ్రాహకములను మార్చెను, స్థలములను మార్చెను, యంత్రములను మార్చెను. తన తలపైనను, తన కుమారుడు క్లౌస్ తలపైనను పెక్కుమారులు ప్రయోగములు చేసెను. కడకు 1929లో మనుష్యుని ఎలెక్ట్రో ఎన్‌సెఫలోగ్రామును గూర్చి తన మొదటి వ్యాసమును ప్రకటించెను. అప్పటికాయన వయస్సు యేబదియారు. ఆ పేరు ఆయన పెట్టినదే. నేడు ఆసుపత్రులలో ఈ.ఈ.జీ. యని పిలుచునది అదియే. మొదటిదానితో కలిపి 1938 వరకును అదే శీర్షికతో వరుసగా పదునాలుగు వ్యాసములు వెలువడెను.

ఆయన చూచిన వింతను చెప్పెదము. మనుష్యుడు కన్నులు మూసికొని నెమ్మదిగా నున్నపుడు గీతలో సెకనునకు సుమారు పది చొప్పున పెద్ద అలలు వరుసగా వచ్చును. వీనికి ఆల్ఫా తరంగములని పేరు. కన్నులు తెరచినను, మనస్సులో ఒక లెక్క చేయమనినను ఆ పెద్ద అలలు అణగి, వాని స్థానమున చిన్నవియు వేగము గలవియునగు బీటా తరంగములు కనబడును. పని లేనపుడు పెద్ద అల, పని కలిగినపుడు చిన్న అల యనుట మొదట విపరీతముగా తోచును.

ధింసా నృత్యమును చూడనివారు మా పాఠకులలో లేరు గనుక దానితో పోల్చి చెప్పెదము. స్త్రీలు ఒకరి వీపు వెనుక నొకరు చేతులు పెనవైచి, తుడుము, డప్పు, మోరి మ్రోగుచుండగా అడుగులు వేయుదురు. ఎదుటి కొండపై నిలిచి చూచువానికి ఒక్కొక్కరి పాదము కనబడదు. అందరును ఒక్కమారు వంగి, ఒక్కమారు వెనుకకు జరుగుటచే ఆ వరుస అలవలె కదలుట మాత్రము స్పష్టముగా తెలియును. ఆట ముగిసి, ఒకరు నీటికి, ఒకరు కట్టెలకు, ఒకరు వంటకు పోయినపుడు ఊరిలో పని హెచ్చినదే గాని తగ్గలేదు. ఐనను దూరమునుండి చూచువానికి ఏ అలయు కానరాదు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. అందు లక్షలకొలది కణములు ఒక్కటిగా అడుగు వేసినపుడే తలపైనుండి అల కనబడును. కన్నులు తెరచిన వెంటనే ఎవరి పనికి వారు పోవుదురు, అల అణగును. బెర్గరు దూరపు కొండపైనుండి ఈ ఆటను చూచినవాడు.

ఆయన మాటను తోటి పండితులు చాలకాలము నమ్మలేదు. విద్యుత్తు నెరిగినవారు, ఇది యంత్రపు వణకని చెప్పిరి. మెదడు నెరిగినవారు, అంత పెద్ద అవయవమునుండి ఇంత సులభమైన అల రాదనిరి. యేనా చిన్న నగరము. బెర్గరు భౌతికశాస్త్రమున శిక్షణ పొందినవాడు కాడు. ఆయనను ఈ నిర్లక్ష్యమునుండి తప్పించినది పరదేశీయుల నిష్పక్షపాత పరీక్ష. 1932లో నోబెలు బహుమానము పొందిన ఎడ్గరు ఏడ్రియను, కేంబ్రిడ్జిలో తన సహచరుడగు మాథ్యూసుతో కలిసి, బెర్గరు చెప్పినట్లే ప్రయోగము చేసి చూచెను. ఫలితము బెర్గరు చెప్పినట్లే వచ్చెను. 1934లో వారు దానిని ప్రకటించి, కనుగొన్న గౌరవము బెర్గరుదే యని ఒప్పుకొనిరి. 1937లో పారిసు నగరమున జరిగిన మనస్తత్త్వశాస్త్ర మహాసభలో ఆయనకు మర్యాద జరిగెను. నోబెలు బహుమానము మాత్రము ఆయనకు రాలేదు.

ఈ విద్యవలన మొదట మేలు పొందినవారు మూర్ఛరోగులు. 1935లో అమెరికాలోని హార్వర్డు వైద్యులు, కొందరు పిల్లలు కొన్ని క్షణములపాటు కన్నులు తేలవేసి నిశ్చేష్టులగునపుడు మెదడు గీతలో సెకనునకు మూడు చొప్పున శిఖరములవంటి అలలు వచ్చునని చూపిరి. అంతకుముందు మూర్ఛ యనగా దయ్యము పట్టినదనియు, శాపమనియు, పిచ్చి యనియు భావించుట సర్వదేశములందును కలదు. మెదడులోని విద్యుత్తు కొంతసేపు అదుపు తప్పుటయే మూర్ఛ యని కాగితముపై సాక్ష్యము దొరకెను. ఆ ధింసా ఉపమానమునే తీసికొన్నచో, ఎవరి పని వారు చేసికొనవలసిన వేళ ఊరంతయు ఒక్కమారుగా ఎగిరి గంతులు వేయుటవంటిది మూర్ఛ.

ఈ సంగతి మా కొండప్రాంతమునకు మిక్కిలి ముఖ్యమైనది. మా గ్రామములలో మూర్ఛ వచ్చిన బిడ్డను ముందుగా దిసారియొద్దకో గురువునొద్దకో తీసికొనిపోవుట పరిపాటి. వారు ఊరి పెద్దలు. వారిపై గౌరవముంచుట తగినదే. ఐనను ఆ బిడ్డను వైద్యునికి చూపక యుంచుట తగదు. మందులు క్రమముగా వాడినచో మూర్ఛరోగులలో పదిమందికి ఏడుగురివరకు మూర్ఛలు లేకుండ బ్రదుకగలరని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఎవరికైన మూర్ఛ వచ్చినపుడు చేతిలో ఇనుప తాళపుచెవులుంచుటవలన ప్రయోజనము లేదు. నోటిలో ఏమియు పెట్టరాదు, నీరు పోయరాదు, కాళ్లుచేతులు అదిమి పట్టరాదు. చుట్టునున్న రాళ్లు, కట్టెలు, నిప్పు తొలగించి, తల క్రింద మెత్తని గుడ్డ నుంచి, కొట్టుకొనుట తగ్గగానే ఒక ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. అయిదు నిమిషములు దాటినను తగ్గనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను. తరగతిలో ఒకనికి మూర్ఛ గలదని అతనితో కలసి భుజింపని పిల్లలున్నచో వారు బెర్గరు చరిత్రమును మరల చదువవలెను. ఆ వ్యాధి అంటునది కాదు.

ఇక మెచ్చరాని భాగమునకు వచ్చెదము. 1933లో జర్మనీ నాజీల పాలైనది. ఆ యేడే వారు చేసిన ఒక శాసనము ప్రకారము, వంశపారంపర్య రోగములు గలవారని తలచినవారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రచికిత్స చేయసాగిరి. ఆ రోగముల పట్టికలో మూర్ఛయు నుండెను. 1945 వరకు సుమారు నాలుగులక్షల మంది ఇట్లు బాధితులైరి. దీనికై ప్రత్యేక న్యాయస్థానములు ఏర్పడెను. యేనాలోని అట్టి పై న్యాయస్థానమున బెర్గరు సభ్యుడుగా కూర్చుండి, దీనులు పెట్టుకొన్న మనవులపై తీర్పులు చెప్పెను. చాలకాలము వరకు ఆయనను నాజీలకు విరోధి యనియు, వారిచే బాధింపబడినవాడనియు చరిత్రకారులు వ్రాయుచుండిరి. తరువాత దస్తావేజులను పరిశీలించినవారు సత్యమును బయటపెట్టిరి. ఆయన నాజీ కక్షిలో సభ్యుడు కాకున్నను, వారి అన్యాయమునకు తన పేరును పాండిత్యమును అరువిచ్చెను.

ఈ భాగమును వ్రాయునపుడు మాకు సంతోషము లేదు. ఏ మూర్ఛరోగులయెడ లోకమునకు గల భయమును ఆయన గీతలు పోగొట్టెనో, ఆ మూర్ఛరోగులకే ఆయన చేవ్రాలు కీడు చేసెను. తన గీతపై అయిదేండ్లు అనుమానపడినవాడు, ప్రభుత్వము చేతికిచ్చిన శాసనముపై అనుమానపడలేదు. విద్య వేరు, వివేకము వేరు. ఒకటి యుండిన రెండవది తానే వచ్చునని ఎవరును అనుకొనరాదు.

1938లో ఆయన అరువదియైదేండ్ల వయస్సున ఉద్యోగమునుండి విరమించెను. 1940లో మనశ్శక్తిని గూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, తన యౌవనపు నమ్మకమును అందు మరల తలచుకొనెను. తరువాత దేహమున జబ్బు, మనస్సున దిగులు పైబడెను. 1941వ సంవత్సరము జూన్ 1వ తేదీన తన ప్రాణమును తానే తీసికొనెను. ఇతరుల మనోవ్యాధులకు జీవితమంతయు చికిత్స చేసిన వైద్యునికి తన దిగులును చెప్పుకొను తోడు లేకపోయెను. దిగులు కూడ ఒక వ్యాధియే. గాయము తగిలినవాడు దానిని దాచనట్లే, దిగులు గలవాడు తల్లిదండ్రులకో ఉపాధ్యాయునకో వైద్యునకో చెప్పుకొనుటలో సిగ్గు లేదు.

ఆయన మరణించిన తరువాత ఆయన గీతలు ఎంత దూరము పోయినవో చూతము. మన మెదడులో ఎడమభాగము కుడిచేతిని, కుడిభాగము ఎడమచేతిని ఆడించును. చేయి ఊరకున్నపుడు ఆ చేతికి సంబంధించిన చోట ఒక అల యుండును. చేయి కదల్చినను, కదల్పవలెనని తలచినను అది అణగును. కన్నులు తెరచినపుడు ఆల్ఫా అణగుటకు ఇది తోబుట్టువు. మనము పెట్టిన తలపునకు తగినట్లు అల హెచ్చి తగ్గుచున్నదనగా, దానిని ఒక యంత్రమునకు ఆజ్ఞగా వాడవచ్చునుగదా! 1973లో అమెరికాలో జాక్ విదాల్ అను పండితుడు ఈ యూహను శాస్త్రీయముగా ప్రతిపాదించెను. 1988లో మాసిడోనియాలోని స్కోప్యె నగరమున బోజినోవ్‌స్కీయు ఆయన సహచరులును బెర్గరు ఆల్ఫా తరంగముతోనే ఒక చిన్న యంత్రబండిని నడిపిరి. మనుష్యుడు కన్నులు మూసికొనగా అల పెరిగి బండి కదలెను. కన్నులు తెరువగా అల తగ్గి బండి నిలిచెను.

అలలు దూరపు కొండపైనుండి చూచిన ఆటవంటివని చెప్పితిమి. ఒక్కొక్కరి అడుగును చూడవలెనన్నచో ఆటస్థలమునకే పోవలెను. ఇందుకై వైద్యులు నాలుగు మిల్లీమీటర్ల చదరపు పలకపై తొంబదియారు సన్నని సూదులు గల గ్రాహకమును నిర్మించి, 2004లో అమెరికాలో అవయవములు చచ్చుబడిన యొక యువకుని మెదడు పైపొరలో అమర్చిరి. అతడు తలపుచేత గణనయంత్రపు తెరపై గుర్తును కదల్చెను. 2011లో, పక్షవాతమువలన సుమారు పదునైదేండ్లుగా కాలుసేతులు ఆడక, మాటయు లేక యుండిన యొక స్త్రీ, అట్టి గ్రాహకమునకు కలిపిన యంత్రహస్తముతో బల్లపైనున్న కాఫీ సీసాను పట్టుకొని, నోటియొద్దకు తెచ్చుకొని, త్రాగి, మరల బల్లపై నుంచెను. 2012లో ఈ వృత్తాంతము శాస్త్రపత్రికలో వెలువడెను. అరకు, అనంతగిరి, చింతపల్లి ప్రాంతములలో మా విద్యార్థుల తల్లిదండ్రులు పండించు గింజలనుండియే కాఫీ తయారగును. మనకది ప్రతిదినము దొరకు పానీయము. పరుల చేతినుండి గాక తన యిష్టముచేత ఒక్క గుటక త్రాగుటకై ఆమె పదునైదేండ్లు వేచియుండెను. చేతుల విలువను తెలుపుటకు ఇంతకంటె వేరొక దృష్టాంతము అక్కరలేదు.

బెర్గరు యౌవనపు కల కూడ ఒక విధముగా నెరవేరినది. 2013 ఆగస్టులో, మన దేశమునుండి వెళ్లి అమెరికాలోని వాషింగ్టను విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాజేశ్ రావు, తలపై ఈ.ఈ.జీ. గ్రాహకముల టోపీని ధరించి, చేతిని కదల్పవలెనని తలచెను. ఆ సంకేతము తీగెలమీదుగా ఆ విశ్వవిద్యాలయములోనే మరియొక చోట కూర్చున్న ఆండ్రియా స్టోకో అను సహచరుని చేరి, అతని తలపై నుంచిన అయస్కాంతపు చుట్ట ద్వారా మెదడును తాకెను. అతని వ్రేలు కదలి మీటను నొక్కెను. సోదరి హృదయమునకు తలపు దానంతట అది పోయినదని బెర్గరు నమ్మెను. తలపునకు త్రోవ కావలెననియు, ఆ త్రోవ తీగెలతోను గణితముతోను కట్టవలసినదే యనియు ఈ ప్రయోగము తెలుపుచున్నది.

ఈ విద్యకు గల హద్దులను కూడ చెప్పుట న్యాయము. ఈ యంత్రములు మన మనస్సులోని రహస్యములను చదువజాలవు. చేతిని కదల్పవలెనను ప్రయత్నము వంటివానిని, తరచు అభ్యాసము పిమ్మట, గుర్తింపగలవు. తలపై నుంచు టోపీ అపాయము లేనిది, కాని దాని గీత మసకగా నుండును. మెదడులో అమర్చు గ్రాహకము స్పష్టముగా వినును, కాని శస్త్రచికిత్స అవసరము. కాలక్రమమున దాని శక్తి తగ్గవచ్చును. వ్యయమును అధికము. కావున యంత్రహస్తము ఇంకను పెద్ద పరిశోధనాలయములను దాటి సామాన్యుల ఇండ్లకు రాలేదు. కొండలలో ప్రమాదముల వలన అవయవములు పోగొట్టుకొన్నవారికి ఇప్పటికి ఎక్కువ ఉపయోగపడునవి సులభమైన సాధనములే. 1968 ప్రాంతమున జయపురమున రామచంద్ర శర్మ యను శిల్పియు, సేథీ యను వైద్యుడును రబ్బరుతోను కొయ్యతోను రూపొందించిన జయపుర పాదము అట్టిది. చెప్పులు లేకయే పొలమునకు పోగల ఆ పాదము మన దేశపు రైతు జీవితమును చూచి చేసినది. గొప్ప యంత్రము వచ్చువరకు చిన్న సాధనమును చులకన చేయరాదు.

మా విద్యార్థులకు ఈ చరిత్రమువలన తెలియదగినవి మూడు గలవు. మొదటిది, ఒక ప్రశ్నను పట్టుకొని ముప్పది యేండ్లు విడువకుండుట. రెండవది, తనకు దొరకిన ఫలితమును లోకమునకు చెప్పుటకు ముందు తానే దానికి ప్రతికక్షియై పరీక్షించుట. ఈ రెండును బెర్గరు చేసి చూపెను. మూడవది, విద్యను ఎవరి మేలునకు వాడుచున్నామని ప్రతిదినము తన్ను తాను ప్రశ్నించుకొనుట. దీనిని ఆయన చేయకపోవుటచేతనే మనకు నేర్పెను. ఈ కొండలలో పుట్టిన యొక బాలుడో బాలికయో రేపు వైద్యులై, మూర్ఛ వచ్చిన బిడ్డ తలపై గ్రాహకములనుంచి ఆ గీతను తల్లిభాషలో తల్లికి వివరించి చెప్పుదురుగాక. అప్పుడా తల్లి భయము తీరి బిడ్డను చేరదీసికొనును. యేనా నగరపు చిన్న గదిలో మొదలైన పనికి అంతకంటె మంచి ముగింపు మాకు తోచుటలేదు.